ఒక్క జన్యువు లేకపోతే చిట్టెలుక నడక ఎందుకు తడబడుతుంది?

హనుమకొండలో ఎం.ఎస్సీ. జంతుశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. ఒకే ఒక్క జన్యువును తొలగించిన చిట్టెలుకలు రోటారాడ్ మీద, అంటే తిరిగే కడ్డీ మీద, మామూలు ఎలుకలకన్నా ముందే పడిపోయాయని ఒక పరిశోధన పత్రంలో ఆమె చదివారు. ఆ పత్రం దాన్ని కదలికల సమన్వయానికి సంబంధించిన జన్యువుగా పేర్కొన్నది. ఇరవై వేలకు పైగా జన్యువులున్న జీవిలో ఒక్కటి పోతే నడకే ఎలా దెబ్బతింటుంది, ఆ జన్యువును అలా పిలవడం సరైనదేనా అన్నది ఆమె సందేహం. అదే కడ్డీని వరంగల్‌లో బి.ఫార్మసీ చదువుతున్న స్నేహితురాలి ప్రాక్టికల్‌లో చూశానని, అక్కడ డయాజెపామ్ అనే మందు ఇచ్చిన ఎలుకలు కూడా అలాగే పడిపోయాయని చివర్లో రాశారు. సగం జవాబు ఆ చివరి వాక్యంలోనే ఉంది కాబట్టి నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. హైదరాబాద్‌లో చాలా ఏళ్లు ఎలుకల ప్రవర్తన పరీక్షలు చేసి, ఇప్పుడు ఇక్కడ శరీరధర్మశాస్త్రం బోధిస్తున్నవాడిగా రాస్తున్నాను.

ఫార్మసీ ప్రాక్టికల్‌లో కడ్డీని నిమిషానికి 20 నుంచి 25 చుట్ల స్థిర వేగంతో తిప్పుతారు. దాని మీద నిలబడగలిగిన ఎలుకలను ముందే ఎంపిక చేసుకొని, పొట్టలోకి డయాజెపామ్ ఇచ్చి, అరగంట తర్వాత మళ్లీ ఎక్కిస్తారు. ఆ ఎలుక జన్యువుల్లో ఏ లోపమూ లేదు, దాని మెదడులో ఒక్క కణం కూడా చనిపోలేదు. మందు, నాడీకణాలను శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల పనిని పెంచి మత్తును, కండరాల సడలింపును కలిగించింది కాబట్టి పడిపోయింది. జన్యువు తొలగించిన ఎలుకలకు సాధారణంగా వేగం పెరుగుతూ పోయే కడ్డీని వాడతారు. దాదాపు మూడు సెంటీమీటర్ల వ్యాసమున్న కడ్డీ 5 నిమిషాల్లో నిమిషానికి 4 చుట్ల నుంచి 40 చుట్లకు చేరుతుంది. ఎలుక ఎన్నో సెకనులో పడిందన్నదే కొలత. ఆ ఒక్క అంకెలో కంటిచూపు, లోపలి చెవి ఇచ్చే సమతుల్యత, వెన్నుపాము, కదలికలను సమన్వయం చేసే చిన్నమెదడు, కాలి నరాలు, కండరాల బలం, శరీర బరువు, అలసట, భయం అన్నీ కలిసి ఉంటాయి. కొన్ని ఎలుకలు నడవడం మానేసి కడ్డీని కౌగిలించుకొని దానితోపాటే గిరగిరా తిరుగుతాయి. మరికొన్ని, కింద పడితే ప్రమాదమేమీ లేదని రెండో రోజుకే తెలుసుకొని, కావాలనే దూకేస్తాయి. వీటిని వేరుగా నమోదు చేయకపోతే పట్టికలో అన్నీ పడిపోయినట్టే కనిపిస్తాయి.

అందువల్ల మీ రెండో ప్రశ్నకు నా జవాబు స్పష్టంగా కాదనే. పొలంలో స్టార్టర్ ఫ్యూజు కాలిపోతే బోరు మోటారు ఆగిపోతుంది కానీ, నీళ్లు తోడేది ఫ్యూజు అని ఏ రైతూ అనడు. జన్యువు ఒక ప్రోటీన్‌కు సంబంధించిన సమాచారాన్ని మోస్తుంది. ఆ ప్రోటీన్ ఏ కణంలో, ఏ వయసులో, ఏ పనికి అవసరమో తెలిసినప్పుడే అది లేకపోవడానికీ నడక చెడడానికీ ఉన్న సంబంధం తెలుస్తుంది. మంచి పత్రం ఆ దారిని చూపిస్తుంది. బలహీనమైన పత్రం కడ్డీ దగ్గర మొదలై కడ్డీ దగ్గరే ఆగిపోతుంది.

దీనికి అన్నిటికన్నా మంచి ఉదాహరణ చాలా పాతది. డగ్లస్ ఫాల్కనర్ 1951లో నాడీ సంబంధమైన లోపాలున్న రెండు కొత్త రకాల చిట్టెలుకలను ఒకే పత్రంలో వర్ణించారు. ఒకటి రీలర్, రెండోది ట్రెంబ్లర్. (ఆ పత్రం వచ్చిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌కు అప్పటి సంపాదకుడు జన్యుశాస్త్రవేత్త హాల్డేన్. ఆయన 1957లో మన దేశానికి వచ్చేశారు. ఆ పత్రిక ఇప్పుడు బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ నుంచి వెలువడుతున్నది.) రెండూ సరిగా నడవలేవు, రెండింటిలోనూ మారింది ఒక్కో జన్యువే. అయితే దశాబ్దాల తర్వాత ఆ జన్యువులు దొరికినప్పుడు లోపాలు శరీరంలో పూర్తిగా వేర్వేరు చోట్ల ఉన్నాయని తేలింది. ట్రెంబ్లర్‌లో చెడింది మెదడు కాదు, కాళ్లకు వెళ్లే నరాల చుట్టూ మయలిన్ పొరను అల్లే ష్వాన్ కణాల్లోని ప్రోటీన్. రీలర్‌లో చెడింది మెదడు నిర్మాణమే.

రీలర్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పిల్ల పుట్టినప్పుడు తోబుట్టువులకు భిన్నంగా కనిపించదు. సుమారు రెండు వారాల వయసులో, మిగతా పిల్లలు పొట్ట నేలకు తగలకుండా నడవడం మొదలుపెట్టేటప్పుడు, దీని వెనుక భాగం ఒక పక్కకు ఒరిగిపోతుంది. లేస్తుంది, రెండడుగులు వేస్తుంది, మళ్లీ రెండో పక్కకు పడుతుంది. చిన్నమెదడును కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే కారణం కళ్లముందే ఉంటుంది. మామూలు ఎలుకలో చిన్నమెదడు లోతైన మడతలుగా ఉండి, ప్రతి మడతలోనూ పర్కింజీ కణాలు అనే పెద్ద నాడీకణాలు ఒకే వరసలో పక్కపక్కనే అమరి ఉంటాయి. రీలర్‌లో చిన్నమెదడు బాగా చిన్నదిగా, దాదాపు మడతలు లేకుండా ఉంటుంది. పర్కింజీ కణాల్లో చాలా కొద్ది మాత్రమే తమ స్థానానికి చేరి, మిగతావన్నీ లోపలి భాగంలోనే గుంపుగా చిక్కుకుపోతాయి.

ఎందుకిలా జరుగుతుందన్నది 1995లో ఆ జన్యువును వేరుచేసినప్పుడు తేలడం మొదలైంది. దాని నుంచి తయారయ్యే రీలిన్ కణాల బయటికి స్రవించే పెద్ద గ్లైకోప్రోటీన్, అంటే చక్కెరలు జతచేరిన ప్రోటీన్. చిన్నమెదడులో దాన్ని స్రవించేవి గ్రాన్యూల్ కణాలు అనే చిన్న నాడీకణాల వంశం. దాన్ని అందుకొని తమ చోటు తెలుసుకునేవి పర్కింజీ కణాలు. అంటే జన్యువు పనిచేసేది ఒక కణంలో, అది లేకపోతే దారితప్పేది మరో కణం. ఈ విషయం బాగా గుర్తుంచుకోండి, ఎందుకంటే ఏ కణం పాడైతే ఆ కణంలోనే జన్యువు పనిచేస్తుందని అనుకోవడం విద్యార్థులకే కాదు, పత్రాలు రాసేవారికీ ఉన్న అలవాటు. రీలిన్ అంటుకునే గ్రాహకాలు రెండు, వీఎల్‌డీఎల్ గ్రాహకం, అపోఈ గ్రాహకం-2. కణం లోపల ఆ సంకేతాన్ని అందుకునేది డ్యాబ్1 అనే ప్రోటీన్. డ్యాబ్1 ఒక్కటి పోయినా ఎలుక అచ్చం రీలర్‌లాగే ఉంటుంది. గ్రాహకాల్లో ఒక్కటే పోతే లోపం స్వల్పం, రెండూ కలిసి పోతే మళ్లీ రీలరే అని 1999లో తేలింది. కాబట్టి ఒక జన్యువును తీసేసినా ఎలుక మామూలుగానే నడిచిందంటే ఆ జన్యువుకు నడకతో పని లేదని చెప్పలేము. దాని పని చేయడానికి రెండోది ఉండి ఉండవచ్చు. మనుషుల్లోనేమో వీఎల్‌డీఎల్ గ్రాహకం ఒక్కటి లేకపోయినా చిన్నమెదడు ఎదగక, పుట్టుకతోనే సమతుల్యత దెబ్బతిన్న కుటుంబాలున్నాయి. ఎలుక ఫలితాన్ని మనిషికి నేరుగా అన్వయించేవారు ఈ తేడాను మరవరాదు.

రీలర్‌ను చూసి నడక చెడిన ప్రతి ఎలుకలోనూ మెదడు ఆకారం చెడి ఉంటుందని అనుకునే ప్రమాదముంది. అది నిజం కాదనడానికి గ్లుటమేట్ అనే నాడీ సంకేత రసాయనాన్ని అందుకునే ఎంగ్లూర్1 గ్రాహకం కథ చాలు. 1994లో ఈ జన్యువును తొలగించిన ఎలుకలను రెండు బృందాలు విడివిడిగా తయారుచేశాయి. వాటి చిన్నమెదడు స్థూలంగా చూస్తే మామూలుగానే ఉంది. అయినా ఆ ఎలుకలు తూలుతూ నడిచాయి, ఏదైనా కదలికకు పూనుకుంటే వణికాయి. లోపం తీగల అమరికలో దొరికింది. పుట్టినప్పుడు ఒక్కో పర్కింజీ కణానికి క్లైంబింగ్ తంతువులు అనే నాడీ తంతువులు అనేకం అంటుకొని ఉంటాయి. మూడు వారాలు వచ్చేసరికి వాటిలో ఒకటి మాత్రమే మిగిలి, తక్కినవి తొలగిపోవాలి. ఈ ఎలుకల్లో చాలా పర్కింజీ కణాలకు అదనపు తంతువులు అలాగే ఉండిపోయాయి. అంతేకాక, ఆ కణాల నాడీసంధుల, అంటే ఒక నాడీకణం మరోదానికి సంకేతం అందించే చోట్ల, బలం అనుభవాన్ని బట్టి తగ్గే ప్రక్రియ కూడా లోపించింది.

ఈ గ్రాహకం మెదడులో చాలా చోట్ల ఉంటుంది కదా, నడక చెడడానికి చిన్నమెదడే కారణమని ఎలా చెప్పగలం? 2000లో వెలువడిన ఒక ప్రయోగం దీనికి చాలా తెలివిగా జవాబు చెప్పింది. జన్యువు పూర్తిగా లేని అదే ఎలుకల్లోకి, పర్కింజీ కణాల్లో మాత్రమే పనిచేసే ప్రమోటర్‌ను, అంటే జన్యువును పనిలోకి దింపే డీఎన్ఏ భాగాన్ని, జతచేసి, ఆ జన్యువును తిరిగి ప్రవేశపెట్టారు. మెదడులో మిగతా అన్ని చోట్లా గ్రాహకం లేదు, పర్కింజీ కణాల్లో మాత్రం ఉంది. ఎలుకలు సరిగా నడిచాయి, అదనపు తంతువులు తొలగిపోయాయి, నాడీసంధుల లోపం కూడా సర్దుకుంది. తీసేసినప్పుడు చెడడం ఒక్కటే ఆధారమైతే ఎన్నో వివరణలకు చోటుంటుంది. ఒకే ఒక్క రకం కణంలో తిరిగి పెట్టగానే బాగుపడితే ఆ వివరణల్లో చాలావాటికి తావుండదు. నా వరకు, ఇటువంటి పునఃస్థాపన ప్రయోగం గానీ, క్రీ-లాక్స్ పద్ధతిలో ఒకే రకం కణంలో జన్యువును తొలగించిన ప్రయోగం గానీ లేని పత్రంలో "ఫలానా జన్యువు ఫలానా కణం ద్వారా నడకను నియంత్రిస్తుంది" అన్న వాక్యాన్ని ఊహగానే చదువుతాను.

వయసు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. పుట్టుకతోనే జన్యువు లేని ఎలుకలో, ఎదిగేటప్పుడు జరిగిన నష్టం ఏదో, ఇప్పుడు ఆ ప్రోటీన్ లేకపోవడం వల్ల కలుగుతున్న ఇబ్బంది ఏదో విడదీయలేము. ఎంగ్లూర్1 విషయంలో దీనికి మనుషుల నుంచే ఒక సూచన వచ్చింది. హాడ్జ్‌కిన్ వ్యాధి అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చి తగ్గిన తర్వాత నడక తూలుడు మొదలైన రోగుల రక్తంలో ఈ గ్రాహకానికి వ్యతిరేకంగా పనిచేసే ప్రతిదేహాలు ఉన్నాయని అదే 2000లో ప్రచురితమైంది. ఆ ప్రతిదేహాలను మామూలు ఎలుకల మెదడు ద్రవంలోకి ఎక్కిస్తే అవీ తూలాయి. అంటే పూర్తిగా ఎదిగిన చిన్నమెదడుకు కూడా ఆ గ్రాహకం రోజూ కావలసిందే. సీబీఎల్ఎన్1 ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. గ్రాన్యూల్ కణాలు విడుదల చేసే ఈ చిన్న ప్రోటీన్, వాటి తంతువులను పర్కింజీ కణాలతో కలిపి ఉంచే నాడీసంధులకు ఆధారం. ఇది లేని ఎలుకలు ఘోరంగా తూలుతాయి. కానీ పెద్దయిన తర్వాత ఆ ప్రోటీన్‌నే చిన్నమెదడు మీద ఒకసారి ఎక్కిస్తే, ఒకటి రెండు రోజుల్లో నాడీసంధులు తిరిగి ఏర్పడి నడక గణనీయంగా మెరుగుపడింది. ఎక్కించిన ప్రోటీన్ ప్రభావం తగ్గాక మళ్లీ తూలుడు వచ్చింది. రీలర్‌లో పెద్దయ్యాక ఇలా జరగదు, చోటు తప్పిన కణాలు తిరిగి బయలుదేరవు. రెండూ ఒక్క జన్యువు లోపాలే, రెండూ కడ్డీ మీద నిలవలేవు, కానీ ఒకటి సరిదిద్దగలిగినది, ఒకటి కాదు. మూడో రకం పీసీడీ ఎలుకలు. వీటిలో చిన్నమెదడు సక్రమంగానే నిర్మాణమై, మూడో వారం నుంచి పర్కింజీ కణాలు వేగంగా చనిపోతాయి. ఎన్ఎన్ఏ1 జన్యువు లేకపోవడమే దీనికి కారణమని 2002లో తెలిసింది.

చిన్నమెదడుతో సంబంధమే లేని లోపాలను గుర్తించడం ఎలాగో కూడా తెలిసి ఉండాలి. షేకర్-1 ఎలుక తల ఎగరేస్తూ ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంది. చూసినవారు మెదడు జబ్బనే అనుకుంటారు. దానిలో లేనిది లోపలి చెవిలోని రోమకణాలకు అవసరమైన మయోసిన్-7ఏ. అందుకే అది చెవిటిది కూడా. మనుషుల్లో ఇదే జన్యువు చెడితే వినికిడినీ చూపునూ దెబ్బతీసే అషర్ సిండ్రోమ్ వస్తుంది. ఇటువంటి ఎలుకను గోరువెచ్చని నీటిలో వదిలి కనిపెట్టుకొని ఉంటే, నీటిపైకి ఏ దిక్కున రావాలో తెలియక లోపలే సుడి తిరుగుతుంది. వెంటనే చేత్తో పైకి తీయాలి. చిన్నమెదడు లోపమున్న ఎలుక వికృతంగానే ఈదినా ముక్కు నీటిపైనే ఉంచుకుంటుంది. శివరర్ ఎలుక వణుకు మయలిన్ మూల ప్రోటీన్ లోపం వల్ల వస్తుంది. ఇక ఫ్రటాక్సిన్ వంటి కొన్ని జన్యువులు పూర్తిగా పోతే పిండమే బతకదు కాబట్టి అక్కడ నడక ప్రశ్నే రాదు.

జన్యువు పోవడమూ, చెడ్డ పనికి దిగడమూ ఒకటి కావన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే మీరు మీ ప్రశ్నలో ఎస్‌సీఏ1 అనే వంశపారంపర్య తూలుడు వ్యాధిని కూడా ఇదే కోవలో చేర్చారు. ఆ వ్యాధి అటాక్సిన్-1 ప్రోటీన్‌లో గ్లుటమిన్ వరస పొడవు పెరిగి అది విషపూరితంగా మారడం వల్ల వస్తుంది. అదే జన్యువును ఎలుకల్లో పూర్తిగా తొలగించినప్పుడు అటువంటి తూలుడు వ్యాధి రాలేదు. లర్చర్ ఎలుకల్లోనూ అంతే. అక్కడ గ్లుడి2 అనే గ్రాహకం ఎప్పుడూ తెరుచుకొని ఉండడం వల్ల పర్కింజీ కణాలు చనిపోతాయి. అదే గ్రాహకం అసలే లేని ఎలుకల్లో ఆ కణాలు బతికే ఉండి, నాడీసంధులు తగ్గి, నడక తూలుతుంది.

ఇప్పుడు మీ పత్రం సంగతి. మొదట చూడవలసింది పోలికకు ఏ ఎలుకలను తీసుకున్నారన్నది. ఒక్కో మంచి ప్రతి, ఒక్కో లోపమున్న ప్రతి కలిగిన తల్లిదండ్రులను కలిపితే ఒకే కాన్పులో మూడు రకాల పిల్లలూ పుడతాయి. ఆ తోబుట్టువులనే పోల్చాలి. చాలా పాత నాకౌట్‌లు, అంటే జన్యువు తొలగించిన ఎలుకలు, 129 అనే పేరున్న ప్రయోగశాల వంశపు మూలకణాల్లో తయారై, తర్వాత సీ57బీఎల్/6 వంశంతో సంకరమయ్యాయి. మళ్లీ మళ్లీ ఆ రెండో వంశంతోనే కలిపే వెనుక సంకరణాన్ని ఎన్ని తరాలు చేసినా తొలగించిన జన్యువుకు ఇరుగుపొరుగున ఉన్న 129 జన్యువులు దాన్ని వదలకుండా వెంట వస్తాయి. 129 ఉపవంశాల్లో కొన్నింటికి మెదడు రెండు అర్ధగోళాలనూ కలిపే కార్పస్ కలోసమ్ సరిగా ఏర్పడదు. ఎఫ్‌వీబీ, సీ3హెచ్ వంశాలు పెద్దయ్యేసరికి రెటీనా క్షీణించి గుడ్డివవుతాయి. కొట్టు నుంచి తెప్పించిన వేరే ఎలుకలతో పోల్చితే, కనబడే తేడా ఆ జన్యువుదో వంశానిదో చెప్పడం ఎవరి తరమూ కాదు.

రెండోది బరువు. బరువైన ఎలుక కడ్డీ మీద త్వరగా పడుతుంది. జన్యువు లేని ఎలుకలు తరచు చిన్నవిగా ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు రెండు వైపులా జరగవచ్చు. మూడోది రోజుల వారీ గీత. మొదటి రోజే పడిపోయి, నాలుగో రోజుకు తోబుట్టువులతో సమానమైతే అది ఒక రకం లోపం. మొదటి రోజు సమానంగా ఉండి, తర్వాత తోబుట్టువులు మెరుగుపడుతుండగా ఇవి అక్కడే ఆగిపోతే అది నేర్చుకోవడంలో లోపం. ఈ రెండింటినీ కలిపి సగటు తీసిన పటాన్ని నేను లెక్కలోకి తీసుకోను.

కడ్డీకన్నా నేను నమ్మేది అడుగుజాడల కాగితాన్ని. ముందు పాదాలకు ఒక రంగు, వెనుక పాదాలకు మరో రంగు, విషం లేని నీటిరంగులే పూసి, తెల్ల కాగితం పరిచిన ఇరుకు దారిలో ఎలుకను వదులుతారు. దారి చివర చీకటి పెట్టె ఉంటుంది కాబట్టి అది తనంతట తానే నడుస్తుంది. మామూలు ఎలుకలో వెనుక పాదం ముందు పాదం గుర్తు మీదనే దాదాపు పడుతుంది, రెండు రంగులూ కలిసిపోయి ఒకే మచ్చలా ఉంటాయి. చిన్నమెదడు లోపంలో ఆ రెండు రంగులూ విడిపోతాయి, అడుగుల నిడివి ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది, తరచు వెనుక పాదాలు ఎడంగా పడతాయి. కండరాల బలహీనతలో అడుగులు పొట్టివైనా క్రమం తప్పవు. కాలి వేళ్లు ఈడ్చిన చార కనిపిస్తే నరాన్ని గానీ కండరాన్ని గానీ అనుమానించాలి. వరంగల్ ఎంజీఎంలో గానీ మరే ఆస్పత్రిలో గానీ న్యూరాలజీ వైద్యులు రోగిని సరళరేఖ మీద మడమకు వేళ్లు ఆనించి నడిపించి చూసేది కూడా ఈ క్రమాన్నే. దీనితోపాటు సన్నని దూలం మీద నడిపించి వెనుక పాదం ఎన్నిసార్లు జారిందో లెక్కిస్తే, పట్టు బలం కొలిస్తే, ఒక్క అంకె ఇవ్వలేని సమాచారం వస్తుంది.

మీరు ఇటువంటి పని మన దగ్గర చేయగలమా అని కూడా అడిగారు. నాకౌట్ ఎలుకలను పెంచడానికి ఏడాది పొడవునా 22 డిగ్రీల దగ్గర నిలిపే గది, నిర్ణీత చీకటి వెలుగుల వేళలు, పుట్టిన ప్రతి పిల్లకూ జన్యు పరీక్ష కావాలి. మే నెలలో వరంగల్ ఎండకు ఏసీ గంటసేపు ఆగినా ఆ వారం కొలతలు పనికిరావు. కాబట్టి అటువంటి పనికి కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ వెళ్లడమే మేలు. సీసీఎంబీ పరిశోధన సంస్థలో, జీనోమ్ వ్యాలీలోని ఐసీఎంఆర్ జంతు వనరుల కేంద్రంలో ఆ వసతులున్నాయి. ఇక్కడి కళాశాలల్లో ఉండే స్విస్ ఆల్బినో ఎలుకలతో, సంస్థ జంతు నైతికతా సంఘం అనుమతి తీసుకున్న తర్వాత, బరువు, వయసు, శిక్షణ రోజులు కడ్డీ ఫలితాన్ని ఎంత మారుస్తాయన్నది కొలవవచ్చు. అది ఎం.ఎస్సీ. ప్రాజెక్టుకు సరిపోతుంది, చేసినవారికి ఎదుటివారి పత్రాలు చదివే చూపు కూడా వస్తుంది.

అంతకుముందు, ఖర్చు లేకుండా ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. మీ పత్రంలోని జన్యువు పేరును అలెన్ బ్రెయిన్ అట్లాస్ అనే ఆన్‌లైన్ మెదడు పటాల నిధిలో వెతికి, చిన్నమెదడు కోతలో ఏ పొర రంగు పట్టిందో చూడండి. పర్కింజీ కణాల వరస ఒక్కటే మెరిస్తే ఒక దారి, గ్రాన్యూల్ పొరంతా నిండితే మరో దారి, చిన్నమెదడులో ఏమీ కనబడకపోతే చెవి, నరాలు, కండరాల వైపు వెళ్లాలి. తర్వాత జాక్సన్ లాబొరేటరీ నడిపే ఎంజీఐ సమాచార నిధిలో అదే జన్యువుకు వేరే బృందాలు తయారుచేసిన ఎలుకలు ఉన్నాయేమో, ఉంటే అవి ఏ వంశంలో తయారయ్యాయో, వాటి నడక గురించి ఏమి రాశారో చదవండి. రెండు వేర్వేరు వంశాల్లో ఒకే రకం తూలుడు నమోదై ఉంటే, మీ పత్రంలో బరువుల పట్టిక లేకపోయినా దాన్ని చదవడం కొనసాగించవచ్చు.